ఊరి వార్త ఊరి రేడియోలో చదవనివ్వండి

కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ పెద్దలకు,

నమస్కారం.

నాది తెనాలి. కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రేడియో వింటూ పెరిగినదాన్ని. ఇప్పటికీ పొద్దున్నే వంటింట్లో ప్రాంతీయ వార్తలు వినపడకపోతే ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది నాకు. ఈ ఉత్తరం ఉషా మెహతా గారి గురించి. ఆవిడ పేరు మీద మిమ్మల్ని ఒకటి అడగాలనుకుంటున్నాను. అడిగే ముందు ఆవిడ ఏం చేశారో చెబుతాను. మీకు తెలియదని కాదు. ఆవిడ కథ మనం చెప్పుకునే తీరులో అసలైన ముక్క జారిపోతోందని నా బాధ.

ఆగస్టు వస్తే ఆవిడ ఫొటో కనిపిస్తుంది. దాని కింద నాలుగు మాటలు ఉంటాయి: రహస్య రేడియో, అరెస్టు, జైలు, పద్మవిభూషణ్. పిల్లలకూ అంతే చెబుతాం. నేనూ క్లాసులో చాలా ఏళ్లు అంతే చెప్పాను. ఒకసారి ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, ఆ రేడియోలో ఆవిడ ఏం చదివేవారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దేశభక్తి గీతాలు, నినాదాలు అని ఏదో సర్దిచెప్పాను. ఇంటికొచ్చాక సిగ్గనిపించింది. అప్పటినుంచి వెతికి చదవడం మొదలుపెట్టాను. ఆ పిల్లకు ఇప్పుడు జవాబు చెప్పగలను. ఆవిడ చదివింది వార్తలమ్మా. పత్రికలు వేయడానికి భయపడిన వార్తలు.

ఉషా మెహతా 1920 మార్చి 25న సూరత్ దగ్గర సరస్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ వారి కొలువులో జడ్జి. ఎనిమిదేళ్లప్పుడు, 1928లో, సైమన్ కమిషన్‌ను వెళ్లిపొమ్మంటూ అరిచిన పిల్లల గుంపులో ఆవిడా ఉన్నారు. అలాంటి ఊరేగింపుల్లోనే ఒకసారి జెండా పట్టుకున్న చిన్నపిల్ల పోలీసుల దెబ్బకు జెండాతో సహా కింద పడిపోయిందట. పిల్లలందరికీ పౌరుషం వచ్చింది. మూడు రంగుల బట్ట తెప్పించి, దాంతోనే గుడ్డలు కుట్టించుకుని మళ్లీ వీధిలోకి వచ్చారట. ఒంటి మీద బట్టే జెండా అయినప్పుడు ఏ లాఠీ దాన్ని కింద పడేస్తుంది? ఈ సంగతి చదివినప్పుడు నాకు ధైర్యం కంటే తెలివే ఎక్కువ కనబడింది. అడ్డు వచ్చినచోట ఇంకో దారి చూసుకునే తెలివి అది. తర్వాత రేడియోలోనూ అదే పనికొచ్చింది.

తండ్రి ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఉద్యమం వైపు వెళ్లడాన్ని ప్రోత్సహించలేదు. 1930లో ఆయన రిటైరయ్యారు, 1932లో కుటుంబం బొంబాయి చేరింది. ఉష విల్సన్ కాలేజీలో తత్వశాస్త్రం చదివి 1939లో ఫస్టుక్లాసులో పాసయ్యారు. లా చదువుతుండగా 1942 వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో క్విట్ ఇండియా తీర్మానం అయింది. తెల్లారేసరికి గాంధీగారు మొదలు పెద్దవాళ్లంతా జైల్లో ఉన్నారు. మూడు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 12న, మా తెనాలిలో రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. వాళ్ల గుర్తుగానే మా ఊళ్లో రణరంగ చౌక్ ఉంది, ఏడు స్తూపాలతో. మా తాతయ్య అప్పటికి పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఆ రోజుల మాట వచ్చినప్పుడల్లా ఆయన కాల్పుల కంటే ఇంకో సంగతి ఎక్కువగా చెప్పేవారు. "మన ఊళ్లో ఏం జరిగిందో మనం చూశాం కాబట్టి తెలుసు. పక్క ఊళ్లో ఏం జరిగిందో మటుకు ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెప్పేవాడమ్మా. పేపర్లో ఉండేది కాదు. ఎవణ్ణి నమ్మాలో తెలిసేది కాదు" అనేవారు. చీకట్లో చెయ్యి చాచినా పక్కమనిషి తగలనట్టు ఉండేదట. కాల్పులంటే భయపడని మనిషి ఆ చీకటికి భయపడ్డాడు.

ఇరవై రెండేళ్ల ఉషా మెహతా బొంబాయిలో ఆ చీకటినే చూశారు. పత్రికల నోరు నొక్కేశారు. ఆలిండియా రేడియో దొరల చేతిలో ఉంది. దాన్ని వీళ్లు ఇంగ్లీషు పొట్టి అక్షరాలు అవే ఉంచి 'యాంటీ ఇండియా రేడియో' అని పిలుచుకునేవారు. యుద్ధం మొదలవగానే ఔత్సాహికుల వైర్‌లెస్ లైసెన్సులన్నీ సర్కారు రద్దు చేసేసింది. ఆ పరిస్థితిలో ఆవిడ, మిత్రులు విఠల్‌దాస్ ఝవేరి, చంద్రకాంత్ ఝవేరి, బాబూభాయ్ కలిసి తమ రేడియో తామే పెట్టాలనుకున్నారు. షికాగో రేడియో కంపెనీ యజమాని నానక్ మోత్వానీ సామాను ఇచ్చారు, పని తెలిసినవాళ్లనూ చూపించారు. ఆగస్టు 27న మొదటి ప్రసారం గాలిలోకి వెళ్లింది. "ఇది కాంగ్రెస్ రేడియో. 42.34 మీటర్ల మీద, భారతదేశంలో ఒకచోటినుంచి మాట్లాడుతున్నాం." ఆ పలుకు ఉషా మెహతాదే. దేశ నాయకులు జైలుకెళ్లిన పద్దెనిమిది రోజులకల్లా ఇది జరిగింది. ఈ రోజుల్లో ఒక కమ్యూనిటీ రేడియోకు, అంటే ఊరివాళ్లో కాలేజీవాళ్లో తమ చుట్టుపక్కల కోసం నడుపుకునే చిన్న రేడియోకు, కాగితాలన్నీ చేతికందడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. 'రహస్య రేడియో' అనగానే మనకు ఒక గదిలో దీపం తగ్గించి, మైకు ముందు ఆవేశంగా ఉపన్యాసం చదువుతున్న అమ్మాయి కళ్లముందుకు వస్తుంది. అసలు అది ఒక పూర్తి ప్రసార కేంద్రం. తమకంటూ సొంత ట్రాన్స్‌మిటర్, సొంత ప్రసార స్టేషన్, విడిగా రికార్డింగ్ స్టేషన్, సొంత పిలుపు పేరు, సొంత తరంగదైర్ఘ్యం ఉండేవని ఆవిడే చెప్పుకున్నారు, ఆ మాటలో ఒక గర్వం ఉంది. అది పని తెలిసిన మనిషి గర్వం. మాట ఒకచోట ప్లేటు మీద రికార్డు చేసేవారు. ఆ ప్లేటు మోసుకుని ఇంకోచోటికి వెళ్లి ప్రసారం చేసేవారు. ఒకచోట పట్టుబడినా రెండోది మిగలాలి కదా. మొదట్లో హిందీ, ఇంగ్లీషు రెండింటిలోనూ చదివేవారు. 'హిందూస్తాన్ హమారా'తో మొదలుపెట్టి 'వందేమాతరం'తో ముగించేవారు. వేళ తప్పేవారు కాదు. వేళ తప్పితే శ్రోత పోతాడని రేడియోలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. పోలీసులు వెంటపడుతున్నా వీళ్లు ఆ వేళ నిలబెట్టారు.

మరి వార్తలు ఎక్కణ్నుంచి? దేశం నలుమూలల నుంచి మనుషులు మోసుకొచ్చేవారు. రాష్ట్రాల నుంచి ప్రత్యేకంగా వచ్చే దూతలు, బొంబాయిలో రహస్యంగా నడుస్తున్న కాంగ్రెస్ కార్యాలయం, ఇవే వాళ్ల విలేకరుల వ్యవస్థ. రామ్‌మనోహర్ లోహియా, అచ్యుత్ పట్వర్ధన్, పురుషోత్తమ్ త్రికమ్‌దాస్ లాంటి అజ్ఞాత నాయకులు వెనక ఉన్నారు. లోహియా ప్రసంగాలు రాసేవారు. అలా చిట్టగాంగ్ మీద బాంబులు పడిన సంగతి, జంషెడ్‌పూర్ ఉక్కు కార్మికుల సమ్మె, మధ్య రాష్ట్రాల్లోని అష్టి, చిమూర్ ఊళ్లలో జరిగిన దారుణాలు బయటికొచ్చాయి. పత్రికలు ఈ సంగతులు ముట్టుకునే సాహసం చేయలేదనీ, కాంగ్రెస్ రేడియో ఒక్కటే చెప్పగలిగిందనీ ఉషా మెహతా తర్వాత చెప్పారు. చిమూర్ అనే ఊరు ఎక్కడుందో బొంబాయిలో ఎంతమందికి తెలిసి ఉంటుంది? అక్కడి ఆడవాళ్ల కష్టం దేశమంతా వినాలని అనుకున్నారు, వినిపించారు. అందుకే నేను ఆవిణ్ని స్వాతంత్ర్య సమరయోధురాలి వరసలోనే కాదు, మన దేశపు తొలి ప్రసారకర్తల వరసలో కూడా నిలబెట్టాలంటున్నాను.

పోలీసుల వ్యాన్లు వెతుకుతూనే ఉండేవి. అందుకని మకాం మారుస్తూనే ఉండేవారు. ఇవాళ ఒక మేడ మీది గది, నాలుగు రోజులకు ఇంకో పేట. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లమని ఇల్లుగలవాళ్లకు చెప్పుకోవాలి, లోపల ట్రాన్స్‌మిటర్ దాచుకోవాలి, పక్కవాటా వాళ్లకు అనుమానం రాకూడదు. బొంబాయిలో అద్దె ఇంట్లో ఒక్క వారం ఉన్నవాళ్లకైనా అది ఎంత కష్టమో తెలుస్తుంది.

నవంబరు 12. ట్రాన్స్‌మిటర్ తయారుచేసిన టెక్నీషియనే పోలీసులకు దొరికి ఆచూకీ చెప్పేశాడు. ఆ సాయంత్రం బాబూభాయ్ ఆఫీసు మీద పోలీసులు పడ్డారు. ఉష అక్కడే ఉన్నారు. ఎలాగో బయటపడి రికార్డింగ్ స్టేషన్‌కు పరుగెత్తి, అక్కడున్న వాళ్లను హెచ్చరించారు. ఇక్కడితో ఆవిడ తప్పించుకుని ఉండొచ్చు. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆ పూట ప్రసారం వేళ అవుతోంది. చంద్రకాంత్ ఝవేరిని తోడు తీసుకుని ప్రసార స్టేషన్‌కే వెళ్లారు. కార్యక్రమం నడిపారు. చివరి ప్లేటు 'వందేమాతరం' తిరుగుతుండగా తలుపులు పగిలాయి. పాట ఆపమన్నారు పోలీసులు. ఆపనన్నారు ఆవిడ. అది జాతీయ గీతం, లేచి నిలబడండని వాళ్లకే చెప్పారు.

ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నేను ఆగేది పాట దగ్గర కాదు. పట్టుబడతామని తెలిసీ ఆ పూట బులెటిన్ మానలేదు చూడండి, అక్కడ.

ఆ తర్వాత ఆరు నెలలు సీఐడీ వాళ్లు ప్రశ్నించారు. ఒంటరి కొట్లో పెట్టారు. సహచరుల పేర్లు చెబితే విదేశాలకు పంపి చదివిస్తామని కూడా ఆశ చూపారు. ఒక్క మాట రాలేదు. కోర్టులో జడ్జిని ఒకటే అడిగారు, ఈ ప్రశ్నలకు నేను జవాబు చెప్పి తీరాలా అని. అక్కర్లేదని ఆయన అన్నాక, నన్ను నేను కాపాడుకోవడానికైనా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పనన్నారు. మాట అందరికీ చేరాలని ప్రాణం పెట్టిన మనిషికి, ఎక్కడ నోరు విప్పకూడదో కూడా అంతే తెలుసు. నాలుగేళ్ల శిక్ష పడింది. ఎరవాడ జైల్లో ఆరోగ్యం పాడై జేజే ఆస్పత్రికి తీసుకొస్తే, మంచం చుట్టూ రాత్రింబగళ్లు పోలీసుల కాపలా ఉండేది. 1946లో మొరార్జీ దేశాయ్ హోం మంత్రిగా ఉన్న బొంబాయి ప్రభుత్వం విడుదల చేసింది. బొంబాయిలో అలా బయటికొచ్చిన మొదటి రాజకీయ ఖైదీ ఆవిడే.

ఇంకో సంగతి. ఆ రేడియోలో ఏం చదివారో ఇవాళ మనం చదువుకోగలుగుతున్నామంటే, పోలీసులు విని, రాసి, ఫైళ్లలో పెట్టడం వల్లే. శత్రువు శ్రద్ధగా విన్నాడు. అందువల్ల ఆవిడ మాట మిగిలింది. మన ఆకాశవాణిలో ఎందరో ఆడవాళ్లు చదివిన టేపుల మీద మళ్లీ రికార్డు చేసేశారని పాతవాళ్లు చెబుతుంటే గుండె చివుక్కుమంటుంది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ జోలెపాళెం మంగమ్మ గారు. మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ బాలానందం నడిపిన రేడియో అక్కయ్య న్యాయపతి కామేశ్వరి గారు. 1947 ఆగస్టులో దేశం రెండు ముక్కలవుతున్న రోజుల్లో ఢిల్లీ స్టూడియోలో ఉర్దూ వార్తలు చదివిన సయీదా బానో. టెలివిజన్ మీద మొట్టమొదటగా వార్తలు చదివిన ప్రతిమా పురి. వీళ్లందరి గొంతులూ శుభ్రంగా, వెతుక్కుంటే దొరికేలా ఉండాలి. అది ఇంకో ఉత్తరం రాయాల్సిన సంగతి. ఇవాళ ఒక్కటే అడుగుతాను.

జైలు నుంచి వచ్చాక ఉషా మెహతా రాజకీయాల్లోకి వెళ్లలేదు. ఆరోగ్యం ఎంత దెబ్బతిన్నదంటే, స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఢిల్లీ వేడుకకు కూడా వెళ్లలేకపోయారు. గాంధీగారి రాజకీయ, సామాజిక ఆలోచన మీద పరిశోధన చేసి బొంబాయి యూనివర్సిటీ నుంచి డాక్టరేటు తీసుకున్నారు. బొంబాయిలోనే ఎన్నో ఏళ్లు పాఠం చెప్పారు. 1980లో రిటైరయ్యారు. నాలాగే రాజనీతి చెప్పిన పంతులమ్మ ఆవిడ, ఆ చుట్టరికం కలుపుకోవడం నాకిష్టం. ఎప్పుడూ ఖద్దరే. 1998లో పద్మవిభూషణ్ వచ్చింది. 2000లో ఒళ్లు జ్వరంతో కాలుతున్నా ఆగస్టు 9 క్విట్ ఇండియా వేడుకలకు వెళ్లారు. రెండు రోజులకు, ఆగస్టు 11న, కన్నుమూశారు.

ఇప్పుడు నేను అడగాలనుకున్నది.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మీకు కంఠతా వచ్చే ఉంటుంది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అన్న తీర్పు అది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. తరంగాల మీద సర్కారు గుత్తాధిపత్యమూ కూడదు, డబ్బున్నవాళ్ల గుత్తాధిపత్యమూ కూడదని ఆయన విడిగా రాశారు. ఆ తీర్పు వెలుగులోనే మీ శాఖ 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచింది. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెబుతున్నాను. 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపింది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు పల్లె ఆడపిల్లలు మైకు ముందు కూర్చుని తమ యాసలో విత్తనాల గురించి, జొన్నల గురించి, పండగల గురించి మాట్లాడారు. అన్నాళ్లూ రేడియోలో ఎవరో మాట్లాడితే విన్న ఊళ్లు, తమ గొంతు తామే విన్నాయి. తెలుగు నేల మీద ఇది జరిగిందని నాకెంత సంతోషమో.

కానీ ఆ తలుపు సగమే తెరిచారు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు సేకరించి చదవకూడదన్నది మీ నియమం. ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టుగానో, స్థానిక భాషలోకి మార్చో చదవొచ్చు, అంతే. ప్రైవేటు ఎఫ్ఎం వాళ్లకూ సొంత వార్తలు లేవు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షల తేదీలు, ఉద్యోగ ప్రకటనలు, కరెంటు, నీళ్లు లాంటి సౌకర్యాల సమాచారం చెప్పుకోవచ్చు. వాటిని మీరు వార్తల కింద లెక్కపెట్టరు.

ఈ గీత ఎక్కడ పడుతుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట ఒక పల్లె రేడియోకు, దాని పేరు చెప్పను, పిల్లలకు రాయడం నేర్పడానికి వారం రోజులు వెళ్లాను. అక్కడ ఒక అమ్మాయి ఉంది. ఇంటర్ చదివి ఆపేసింది, గొంతు మాత్రం గంట కొట్టినట్టు ఉంటుంది. ఊళ్లో గ్రామసభ జరిగింది. మంచినీళ్ల ట్యాంకు కట్టడానికి వచ్చిన డబ్బు లెక్క ఒకామె అడిగింది. ఎవరు ఏం చెప్పారో ఈ అమ్మాయి శ్రద్ధగా రాసుకొచ్చింది. అడిగినామె మాట, సర్పంచ్ మాట, కార్యదర్శి మాట, మూడూ రాసింది. ఒకరి వైపు మొగ్గలేదు. పన్నెండు వాక్యాలు. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన నాకు అందులో దిద్దడానికి ఏమీ దొరకలేదు. స్టేషన్ చూసుకునే ఆయన చదివి, బాగుందమ్మా అని, పక్కన పెట్టేశారు. "ఇది వార్త అవుతుంది. లైసెన్సుకు ఎసరొస్తుంది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆ స్టేషన్ మీద పదిమంది జీతాలు ఆధారపడి ఉన్నాయి. ఆ సాయంత్రం ఆ అమ్మాయి చదివింది ఒకే వాక్యం: "రేపు మన ఊళ్లో మంచినీళ్లు రావు." రేపు నీళ్లు రావని చెప్పొచ్చు. ఎందుకు రావో ఊరివాళ్లు సభలో అడిగిన సంగతి చెప్పకూడదు.

ఆ రాత్రి నాకు మా తాతయ్య మాట గుర్తొచ్చింది. పక్కవీధిలో జరిగిన సభ గురించి ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటూనే ఉన్నారు, అరుగుల మీద, టీ బంకు దగ్గర, ఫోన్లలో. సరిగ్గా రాసిపెట్టిన ఆ పన్నెండు వాక్యాలు మాత్రం సంచిలో ఉండిపోయాయి.

మీకు భయాలు ఉంటాయని నాకు తెలుసు. ఎవరో ఒకరు రేడియోను పుకార్లకు వాడుకుంటే? కులాల మధ్య, మతాల మధ్య నిప్పు పెడితే? ఆ భయం నిజమే, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. కానీ ఒక్కసారి ఆలోచించండి. పేపరు వార్త వేస్తుంది. తెలుగులో రాత్రీ పగలూ వార్తలు చెప్పే టీవీ చానళ్లు ఎన్నో ఉన్నాయి. ప్రతివాడి జేబులో ఉన్న ఫోన్లోకి ఎక్కణ్నుంచో తెలియని మాట నిమిషానికొకటి వచ్చి పడుతోంది, అది ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. వీటన్నిటికంటే కమ్యూనిటీ రేడియోయే మీ కళ్లముందు ఉంటుంది. దానికి లైసెన్సు ఉంది. మామూలుగా వంద వాట్ల శక్తికి మించకూడదు. ప్రసారం చేసింది మూడు నెలలు భద్రపరిచి అడిగినప్పుడు చూపించాలి. అన్నిటికీ మించి, చదివిన పిల్ల ఎవరింటి పిల్లో వినేవాళ్లందరికీ తెలుసు. తప్పు చదివితే తెల్లారి బావి దగ్గర జనం నిలదీస్తారు. ఆ జవాబుదారీతనం ఏ పెద్ద చానల్‌కు ఉంది? అబద్ధాన్ని ఆపడానికి చట్టాలు ఉన్నాయి, ఆకాశవాణి పాటించే ప్రసార నియమావళి ఉంది. అవన్నీ ఈ చిన్న రేడియోలకూ పెట్టండి. శిక్షణ తప్పనిసరి చేయండి. తప్పు చేసిన స్టేషన్ మీద చర్య తీసుకోండి. అందరి నోరూ ముందే కట్టెయ్యకండి.

ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు గంటకు పది నిమిషాలు వార్తలు చదవనివ్వొచ్చని 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మీకు సిఫారసు చేసింది. ఇది నేను కొత్తగా పుట్టించిన కోరిక కాదు, మీ నియంత్రణ సంస్థే అన్న మాట. ఆ సిఫారసును తీసుకోండి, దాన్ని పట్నాల్లోని వ్యాపార రేడియోలతో ఆపకండి. పల్లె రేడియోలకు, కాలేజీ రేడియోలకు కూడా రోజుకు పది నిమిషాలైనా సొంత వార్తలు ఇవ్వండి. దేశమంతా ఒకేసారి భయమనిపిస్తే, ఒక ఏడాదిపాటు కొన్ని స్టేషన్లలో ప్రయోగంగా పెట్టి చూడండి. మాచునూరులాంటి చోట మొదలుపెట్టండి, పదేళ్లకు పైగా మైకు ముందు కూర్చున్న ఆడవాళ్లున్న చోట. గ్రామసభలో ఏం జరిగింది, రేషన్ ఎందుకు ఆగింది, బడికి పంతులు ఎన్నాళ్లుగా రావడం లేదు, ఉపాధి కూలి డబ్బులు ఎవరికి పడలేదు. ఈ వార్తలు ఢిల్లీ బులెటిన్‌లో ఎప్పటికీ పట్టవు, హైదరాబాదు, విజయవాడ బులెటిన్లలో కూడా పట్టవు. పట్టకపోవడం వాళ్ల తప్పు కాదు, పది నిమిషాల్లో రాష్ట్రమంతా చెప్పాలి కదా. ఊరి వార్తకు ఊరి రేడియోయే చోటు.

ఈ ఉత్తరం ఉషా మెహతా పేరు మీద ఎందుకు రాశానో చెబుతాను. ఆవిడ చేసింది అప్పటి చట్టం ప్రకారం నేరం. ఆ నేరానికే మన గణతంత్రం ఆవిడకు పద్మవిభూషణ్ ఇచ్చింది. అంటే జరిగింది జరిగినట్టు జనానికి చెప్పే హక్కు ఎంత విలువైనదో ఈ ప్రభుత్వాలన్నిటికీ తెలుసు. ఆవిడలాగా గదులు మారుస్తూ, ప్లేట్లు మోసుకుంటూ, తలుపులు పగులుతుంటే పాట నడుపుకుంటూ ఇవాళ ఎవరూ వార్త చదవాల్సిన పని లేదు. లైసెన్సు ఉన్న స్టేషన్లో, ఫ్యాను కింద, వెలుగులో కూర్చుని, పేరు చెప్పుకుని చదవొచ్చు. మీరు సంతకం చేస్తే చాలు.

ఆ పన్నెండు వాక్యాల కాగితం ఆ అమ్మాయి నాకు ఇచ్చేసింది. "మీ దగ్గరుంచండి మేడమ్, ఎప్పుడైనా చదవనిస్తే చదువుతా" అంది. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన కాగితం, ఒక మూల చమురు మరక. నా బీరువాలో, మా తాతయ్య ఫొటో పక్కన ఉంది. ట్యాంకు లెక్క ఈపాటికి తేలిపోయి ఉండొచ్చు, సర్పంచ్ మారి ఉండొచ్చు. ఆ అమ్మాయి మాత్రం ఇంకా ఆ స్టేషన్లోనే ఉంది, రోజూ సాయంత్రం ఆకాశవాణి వార్తలు చదువుతోంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

తెనాలి నుంచి
ఒక రేడియో శ్రోత